గేదెను పశువైద్య కళాశాల ఆసుపత్రికి తీసుకువెళ్లే ముందు జాగ్రత్తలు

తిరుపతి, గన్నవరం, రాజేంద్రనగర్‌లలో ఉన్నటువంటి కళాశాల ఆసుపత్రులకు పశువును తరలించేవారు బయలుదేరే ముందు ఇవి చూసుకోండి.

• చొంగ కారుస్తూ మేత మింగలేకపోతుంటే, గొంతులో ఏదో అడ్డం పడిందని నోట్లో చెయ్యి పెట్టకండి. రేబిస్‌లోనూ ఇలాగే ఉంటుంది. కుక్క కరిచిన సంగతి మీ కంట పడకపోయి ఉండవచ్చు. పశువు మీద ప్రేమతోనే ఇంటివాళ్లు ఈ పొరపాటు చేస్తారు, అందుకే ఇంత గట్టిగా చెబుతున్నాను. అనుమానం ఉంటే బండి ఎక్కించకుండా ఊరి పశువైద్యుడిని పిలవండి. ఇప్పటికే చొంగ చేతికి తగిలి ఉంటే సబ్బుతో పదిహేను నిమిషాలు కడిగి, వెంటనే మీరు మనుషుల ఆసుపత్రికి వెళ్లండి.

• నోట్లో, గిట్టల మధ్య పుండ్లుంటే గాలికుంటు అనే అంటువ్యాధి కావచ్చు. పశువును కదిలించవద్దు.

• నీరసంగా ఉందని గొట్టంతో గంజి, నూనె పోయకండి. ఊపిరితిత్తుల్లోకి పోతే అసలు జబ్బుకన్నా అదే ప్రాణం తీస్తుంది.

• బండిలో ఇసుక, దానిపై వరిగడ్డి పరవండి. పడుకున్న గేదె పక్కకు ఒరిగితే కడుపు ఉబ్బుతుంది. రొమ్ము మీద కూర్చునేలా గడ్డి మోపులు ఆనించండి.

• పొదుగువాపైతే, యాంటీబయాటిక్ వేయకముందే చనుమొనలు తుడిచి, మొదటి ధారలు వదిలేసి, పరీక్ష కోసం పాలు శుభ్రమైన సీసాలో పట్టండి.

• వాడిన మందుల చీటీలు, చూడి నెలల లెక్క వెంట ఉండాలి.

• ఆపరేషన్ అంటే మేత ఎన్ని గంటలు ఆపాలో ముందే ఫోనులో అడగండి.

• అక్కడ విద్యార్థులూ పరీక్షిస్తారు. పరిశోధనకు నమూనా తీసుకుంటామంటే, ఎందుకో తెలుసుకున్నాకే సంతకం చేయండి.