ఎంబీబీఎస్‌లో సొంత రీసెర్చ్ మొదలుపెట్టే ముందు జాగ్రత్తలు

గైడ్‌ను పేరు చూసి ఎంచుకోకండి. ఎంత పెద్ద ప్రొఫెసరైనా మీ ప్రోటోకాల్ (అధ్యయనం ఎలా చేస్తారో రాసిన ప్రణాళిక) చదివే తీరిక లేకపోతే లాభం లేదు. ఆయన దగ్గర ఇంతకుముందు చేసిన సీనియర్లను అడగండి: సార్ దిద్ది ఇస్తారా, సంతకం పెట్టి పంపేస్తారా?

ప్రశ్న చిన్నదిగా ఉండాలి. భారత వైద్య పరిశోధన మండలి (ఐసీఎంఆర్) మెడికల్ విద్యార్థులకు ఇచ్చే ఎస్టీఎస్ లాంటి స్టూడెంట్‌షిప్‌కు పని గడువు రెండు నెలలే. వరంగల్ ఎంజీఎం ఆసుపత్రిలో డెంగీ కేసుల మీద చేద్దామనుకుంటే వానాకాలం, ఆ వెంటనే వచ్చే నెలలు కావాలి. ఎండాకాలం సెలవుల్లో వార్డుకు వెళ్తే కేసులెక్కడ దొరుకుతాయి? ఇంటర్నల్స్ తేదీలు కూడా పక్కన పెట్టుకుని చూడండి.

అన్నిటికన్నా ముఖ్యం ఎథిక్స్ కమిటీ అనుమతి. అది చేతికి రాకముందు ఒక్క కేస్‌షీట్ డేటా కూడా రాసుకోవద్దు. ముందు డేటా తీసుకుని తర్వాత అనుమతి అడగడం కుదరదు. మీ అధ్యయనం క్లినికల్ ట్రయల్ (పేషెంట్ల మీద మందునో చికిత్సనో పరీక్షించేది) అయితే మొదటి పేషెంట్‌ను చేర్చుకునేలోపే క్లినికల్ ట్రయల్స్ జాతీయ రిజిస్ట్రీ అయిన సీటీఆర్ఐలో రిజిస్టర్ చేయాలి, అయితే విద్యార్థి దశలో ట్రయల్ జోలికి పోకపోవడమే మంచిది.

సమ్మతి పత్రం తెలుగులో, అవసరమైతే ఉర్దూలో కూడా సిద్ధం చేయండి. పుస్తక భాష వద్దు. ములుగు నుంచి వచ్చిన పెద్దమ్మకు చదివి వినిపిస్తే అర్థం కావాలి. చదవడం రానివాళ్ల దగ్గర వేలిముద్రతో పాటు సాక్షి సంతకమూ ఉండాలి. పద్దెనిమిదేళ్లలోపు వాళ్లయితే తల్లిదండ్రుల సమ్మతి తీసుకోవాలి.

శాంపిల్ సైజు, అంటే ఎంతమంది పేషెంట్లు కావాలన్న లెక్క కోసం కమ్యూనిటీ మెడిసిన్ విభాగం వాళ్లను ముందే కలవండి. డేటా అంతా పోగయ్యాక వెళ్తే వాళ్లు మాత్రం ఏం చేయగలరు?

ఎక్సెల్ షీట్‌లో పేషెంట్ పేరు, ఫోన్ నంబర్ వద్దు, కోడ్ చాలు. వాట్సాప్‌లో అసలే పంపొద్దు.

పేపర్‌లో ఎవరి పేరు ముందు అన్నది మొహమాటపడకుండా మొదటి మీటింగ్‌లోనే అడిగి, మాట్లాడుకున్నది ఆ సాయంత్రమే సార్‌కు మెయిల్ చేయండి.