శిక్షణ వీడియో నేర్చుకుందాం – 3వ భాగం: గొంతు వచ్చి బొమ్మ రాకపోతే

కిందటి భాగంలో కొమ్ము పనిని, అంటే పశువుల కొమ్ములతో వస్తువులు చేసే పనిని, ఫోన్‌తో ఎలా తీయాలో చూశాం. ఇప్పుడు ఆ ఫైలును పవర్‌పాయింట్ స్లైడులో పెట్టి ఆడించాలి. చాలామందికి టెన్షన్ మొదలయ్యేది ఇక్కడే.

పర్లాకిమిడిలో ఒక శిక్షణ తరగతిలో నాకు జరిగింది చెబుతాను. కొమ్మును నిప్పు సెగకు మెత్తబరిచి చదును చేయడం మీద నాలుగు నిమిషాల వీడియో అది. పాతపట్నం నుంచి కూడా పిల్లలు వచ్చారు. ప్లే నొక్కితే పని చేసే తాతగారి గొంతు వినిపిస్తోంది, తెర మాత్రం నల్లగా ఉంది. ఫైలు పాడైందనుకుని మళ్లీ కాపీ చేశాను. అదే నలుపు. ముందు వరుసలోని ఒక అమ్మాయి, "ఫైలు పాడైతే గొంతు కూడా రాకూడదు కదండీ?" అంది. సరైన ప్రశ్న. జవాబు ఇదీ.

ఫైలు పేరు చివర ఎంపీ4 అని ఉంటే అది పెట్టె పేరు మాత్రమే. అందులో బొమ్మ వేరుగా, ధ్వని వేరుగా కుదించి ఉంటాయి. అలా కుదించే పద్ధతే కోడెక్. ధ్వని ఎక్కువగా ఏఏసీ అనే కోడెక్‌లో ఉంటుంది, దానితో పేచీ రాదు. బొమ్మ 2003లో వచ్చిన హెచ్.264లో ఉండొచ్చు, 2013లో వచ్చిన హెచ్.265లో ఉండొచ్చు. రెండోది దాదాపు సగం చోటులోనే అదే నాణ్యత ఇస్తుంది, అందుకే చాలా కొత్త ఫోన్లు దాన్ని వాడతాయి. కానీ దాన్ని విప్పే డీకోడర్ కంప్యూటర్‌లో లేకపోతే గొంతు వస్తుంది, బొమ్మ రాదు.

వీఎల్‌సీ అనే వీడియో ప్లేయర్ ఉంది. "వీఎల్‌సీలో ఆడింది కదా" అని ధీమా పడకండి. వీఎల్‌సీ తన డీకోడర్లను తనే వెంట తెచ్చుకుంటుంది. పవర్‌పాయింట్ విండోస్‌లో ఉన్నవాటి మీద ఆధారపడుతుంది. అయితే లోపల ఏముందో తెలుసుకోవడానికి వీఎల్‌సీయే మంచి సాధనం. వీడియో ఆడుతుండగా కంట్రోల్, జే కలిపి నొక్కితే కోడెక్ పేరు కనిపిస్తుంది.

మార్చడంలో రెండు రకాలున్నాయి. గుణుపురం చిన్న రైలు నడిచిన రోజుల్లో నౌపడాలో పెద్ద లైను బండి దిగి చిన్న బండి ఎక్కేవాళ్లం. మనుషులు వాళ్లే, మారింది పెట్టె. ఎంకేవీ అనే మరో రకం పెట్టెలో ఉన్న హెచ్.264 బొమ్మను ఎంపీ4లోకి చేర్చడం అలాంటిదే. నిమిషంలో అవుతుంది, నాణ్యత తగ్గదు. హెచ్.265ను హెచ్.264గా మార్చడం వేరు. అక్కడ బొమ్మను పూర్తిగా విప్పి మళ్లీ కుదించాలి. సమయం పడుతుంది, ప్రతిసారీ కొంత నాణ్యత పోతుంది. అందుకే ఫోన్‌లోని అసలు ఫైలును ఎప్పుడూ చెరపకండి. మార్చినదాన్ని మళ్లీ మార్చకండి.

మనకు కావలసింది రెండో రకం. దీనికి హ్యాండ్‌బ్రేక్ అనే సాఫ్ట్‌వేర్ ఉచితంగా దొరుకుతుంది. అందులో ఫైలు తెరిచి, ఫాస్ట్ 720పి30 అనే ప్రీసెట్ (ముందే సిద్ధం చేసిన అమరిక) ఎంచుకోండి. వీడియో ట్యాబ్‌లో ఎన్‌కోడర్ హెచ్.264 అని ఉందో లేదో చూడండి. నాణ్యత అంకె 22 పెట్టండి. అంకె తగ్గేకొద్దీ బొమ్మ మెరుగవుతుంది, ఫైలు పెరుగుతుంది.

ఇక ఫ్రేమ్ రేటు. ఇది చాలామంది వదిలేస్తారు, నేనూ వదిలేశాను. ఫోన్లు వెలుతురును బట్టి సెకనుకు తీసే ఫ్రేముల (విడి బొమ్మల) సంఖ్యను మారుస్తుంటాయి. దాంతో కొన్ని సాఫ్ట్‌వేర్లలో మాట, బొమ్మ క్రమంగా విడిపోతాయి. ఆకురాయి ఇటు కదిలితే చప్పుడు అర సెకను తర్వాత వస్తుంది. చేతిని, చప్పుడును కలిపి నేర్చుకునే పిల్లలకు అది తప్పుడు పాఠం. హ్యాండ్‌బ్రేక్ వీడియో ట్యాబ్‌లోనే కాన్‌స్టంట్ ఫ్రేమ్‌రేట్ ఎంచుకోండి.

ఫైలు ఎంత ఉంటుందో ముందే లెక్కేయొచ్చు. సెకనుకు 2 మెగాబిట్లయితే నాలుగు నిమిషాలకు 480 మెగాబిట్లు. ఎనిమిది బిట్లు ఒక బైటు కాబట్టి ఎనిమిదితో భాగిస్తే 60 ఎంబీ. పెన్‌డ్రైవ్‌కు ఏ బరువూ కాదు.

తర్వాత ఇన్‌సర్ట్‌లో వీడియో ఎంచుకుని స్లైడులో చేర్చండి. పవర్‌పాయింట్ 2010 నుంచి వీడియో స్లైడు ఫైలులోనే ఇమిడిపోతుంది. 2007లోనైతే వీడియో ఉన్న చోటు మాత్రమే గుర్తుంటుంది, కాబట్టి రెండూ ఒకే ఫోల్డర్‌లో పెట్టి మోసుకెళ్లాలి. ప్లేబ్యాక్ ట్యాబ్‌లో బుక్‌మార్క్ అనే సౌకర్యం ఉంది. కొమ్ము వంగే క్షణం దగ్గర ఒకటి పెట్టుకుంటే, ఎవరైనా "మళ్లీ చూపించండి" అన్నప్పుడు నేరుగా అక్కడికే వెళ్లొచ్చు.

ఈ వారం పని: మీ ఫోన్‌లో తీసిన ఒక వీడియో కోడెక్ పేరు నోట్‌బుక్‌లో రాయండి, మార్చాక మళ్లీ చూసి రాయండి. ఆ స్లైడును మీ కంప్యూటర్‌లో కాకుండా తరగతి జరిగే గదిలోని కంప్యూటర్‌లో ఆడించి చూడండి. వచ్చే భాగంలో ఒకే వీడియోకు తెలుగు గొంతు, ఒడియా గొంతు రెండూ జతచేద్దాం.