పోలీసులు పిల్లాణ్ణి తీసుకెళ్లారా? ముందు వయసు కాగితం వెతకండి

మాది స్టూవర్టుపురం. ఎరుకల వాళ్లం. మాలాంటి తెగల్ని పుట్టుకతోనే నేరస్థులని ముద్రవేసిన, 1871లో మొదలైన నేరస్థ తెగల చట్టాన్ని 1952లో ఎత్తేశారు. కానీ ఎక్కడ దొంగతనం జరిగినా ముందు మా వాళ్ల ఇళ్లే వెతికే అలవాటు పోలేదు. తండ్రి మీద పాత కేసుంటే చాలు, కొడుకునీ జీపెక్కిస్తారు. నేను పారాలీగల్ వాలంటీర్‌ని, అంటే జనానికి న్యాయ సహాయం అందేలా చూసే కార్యకర్తని. "అక్కా, మావాణ్ణి తీసుకెళ్లారు" అని వచ్చే తల్లులకు చెప్పేవే ఇక్కడ రాస్తున్నా.

ఇంటిల్లిపాదీ స్టేషన్‌కి పరుగెత్తకండి. ఒకరు స్టేషన్‌కి, ఇంకొకరు బడికి. పిల్లాడికి పద్దెనిమిది నిండలేదని తేలితేనే పిల్లల కేసులకు వేరుగా ఉన్న 2015 నాటి జువెనైల్ జస్టిస్ చట్టం వర్తిస్తుంది. ఆ చట్టం ముందు చూసేది స్కూలు ఇచ్చే పుట్టినతేదీ సర్టిఫికెట్, లేదా టెన్త్ మెమో. అవి లేకపోతే పంచాయతీ, మున్సిపాలిటీ ఇచ్చే జనన ధ్రువపత్రం. ఏదీ లేకపోతేనే ఎముకల పరీక్ష. ఆధార్ ఆ జాబితాలో లేదు, దాన్నే నమ్ముకుని వెళ్లొద్దు. చదువు మానేసినా ఒకటో తరగతిలో చేరిన బడికే వెళ్లి, అడ్మిషన్ రిజిస్టర్ చూసి సర్టిఫికెట్ ఇమ్మని హెడ్మాస్టర్‌ని అడగండి. (మా వాళ్లలో సగం మంది జూన్‌లోనే పుడతారు. బడిలో చేర్చుకున్న సారు రాసిన తేదీ అది. పర్లేదు, అదే పనికొస్తుంది.) పెద్దవాడని రాసి జైలుకి పంపేసినా ఆశ వదలొద్దు. మైనరన్న మాట ఏ కోర్టులోనైనా, ఎప్పుడైనా, శిక్ష పడ్డాక కూడా చెప్పుకోవచ్చు.

స్టేషన్‌లో గొడవ పడకుండా అడగాల్సినవి కొన్ని ఉన్నాయి. పిల్లల కేసులు చూసే అధికారి ప్రతి స్టేషన్‌లో ఒకరుండాలి, ఆయన్ని పిలవమనండి. లాకప్‌లో పెట్టకూడదు, బేడీలు వేయకూడదు, ఏ స్టేట్‌మెంట్ మీదా పిల్లాడి చేత సంతకం పెట్టించకూడదు. ప్రయాణ సమయం కాక 24 గంటల్లో, పిల్లల కేసులు విచారించే జువెనైల్ జస్టిస్ బోర్డు ముందుంచాలి. "రేపు ఆదివారం, బోర్డు ఉండదు" అంటే, సభ్యుల్లో ఒక్కరి ముందైనా హాజరుపరచవచ్చని గుర్తుచేయండి.

బెయిల్ దగ్గరే మా పిల్లలకి అసలు చిక్కు. చట్టం ప్రకారం నేరం ఏదైనా, ష్యూరిటీ ఉన్నా లేకున్నా బెయిలే మామూలు, ఆపడానికి బలమైన కారణం ఉండాలి. ఆ కారణాల్లో ఒకటి, బయటికొస్తే నేరస్థులతో కలుస్తాడన్నది. మా స్టూవర్టుపురం పేరు చూపించి ఆ మాట అనేస్తారు. అందుకని ఒంగోల్లోనో విజయవాడలోనో ఉన్న మేనమామనో పిన్నినో వెంటబెట్టుకెళ్లి, "మా ఇంట్లో ఉంచుకుంటాం, బడికి పంపుతాం" అని బోర్డుకి రాసివ్వమనండి. ప్రొబేషన్ అధికారి మీ ఇంటి గురించి నివేదిక రాస్తారు. ఆయనొస్తే భయపడి తలుపేసుకోకండి. మార్కుల కాగితాలు చూపించండి, టీచర్ పేరు చెప్పండి, పని చేస్తుంటే ఎక్కడో చెప్పండి. మీరు చెప్పకపోతే స్టేషన్ రికార్డులో ఉన్నదే ఆయనకి తెలుస్తుంది.

"ఒప్పుకుంటే తొందరగా అయిపోతుంది" అని ఊరి పెద్దలు సలహా ఇస్తారు. నాకు ఒళ్లు మండే మాట ఇది. లాయర్ రాకుండా ఏదీ ఒప్పుకోనివ్వకండి. పిల్లలకీ ఎస్టీలకీ లాయర్ ఉచితం, ఆదాయం అడగరు. జిల్లా న్యాయ సేవాధికార సంస్థకి వెళ్లండి, లేదా 15100కి ఫోన్ చేయండి. పిల్లల హెల్ప్‌లైన్ 1098. విలేకరులొస్తే పిల్లాడి పేరు, ఫొటో ఇవ్వొద్దు. వాటిని బయటపెట్టడం వాళ్లకే నేరం.