ఇంటి అప్పుకు ముందు కార్డు అప్పు – 4వ పాఠం: బాకీని ఎప్పుడు మార్చాలి?

పోయిన పాఠంలో సిబిల్ రిపోర్టు (మీ అప్పుల చరిత్ర, దానికి వేసిన స్కోరు ఉండే పత్రం) తెచ్చుకుని, మీ క్రెడిట్ కార్డుల బాకీలన్నీ ఒక కాగితం మీద రాసుకోమన్నాను. ఆ కాగితం దగ్గర పెట్టుకోండి. ఇవాళ దాని పక్కన ఇంకో గడి గీస్తాం. దాని పేరు ‘రూపాయి వడ్డీ’.

మన అనంతపురంలో బయటి అప్పుకు వడ్డీ ఎవరూ శాతాల్లో చెప్పరు. పాతూరులో అంగడి నడిపేవారైనా, వేరుశనగ విత్తనాలకు అప్పు తెచ్చే రైతైనా ‘రెండు రూపాయల వడ్డీ’ అంటారు. అంటే నూటికి నెలకు రెండు రూపాయలు. డ్వాక్రా సంఘాలకు ఇచ్చిన పావలా వడ్డీ అంటే ఏడాదికి 3 శాతమని అక్షరం రాని అవ్వ కూడా చెబుతుంది. ఇంత తేటైన కొలత చేతిలో ఉంచుకుని, కార్డు స్టేట్‌మెంటులోని ‘సంవత్సరానికి 42 శాతం’ చూసి మనం ఎందుకు తడబడతామో నాకు అర్థం కాదు. 42ను 12తో భాగించండి. మూడున్నర రూపాయల వడ్డీ. ఆ వడ్డీ మీద 18 శాతం జీఎస్టీ కూడా కలిపితే నాలుగు రూపాయల పదమూడు పైసలు. నాలుగు రూపాయల వడ్డీకి అప్పు తెచ్చానని ఇంట్లో చెప్పి చూడండి, ఆ రాత్రి అన్నం పెట్టేవారుండరు.

ఇక లెక్కలోకి దిగుదాం. సాయినగర్‌లో ఫ్లాటు కొనాలనుకుంటున్న ఒక స్కూలు టీచరు ఉన్నారనుకోండి. చేతికొచ్చే జీతం 60,000. కార్డు పరిమితి 1,50,000, బాకీ 1,20,000. నెల వడ్డీ 4,200, జీఎస్టీ 756, మొత్తం 4,956. ఆయన ‘మినిమం డ్యూ’, అంటే ఆ నెల కనీసం కట్టవలసిన మొత్తం, కింద 6,000 కడితే అసలులో తగ్గేది 1,044 మాత్రమే. పైగా బాకీ పూర్తిగా తీర్చనంత కాలం కొత్తగా కొన్న పప్పుకూ ఉప్పుకూ కొన్నరోజు నుంచే వడ్డీ నడుస్తుంది. అందుకే ఈ కోర్సు మొదటి పాఠంలోనే ఆ కార్డును బీరువాలో పెట్టమన్నాను.

ఇప్పుడు బ్యాలెన్స్ ట్రాన్స్‌ఫర్. ఒక కార్డు బాకీని తక్కువ వడ్డీకి ఇంకో కార్డు మీదికి మార్చి, వాయిదాల్లో కట్టడం. రూపాయిన్నర వడ్డీకి 12 నెలలు, 2 శాతం ఫీజు అనుకుందాం. నెలకు సుమారు 11,000 వాయిదా. వడ్డీ, ఫీజు, వాటి మీద జీఎస్టీ అన్నీ కలిపితే ఖర్చు దాదాపు 17,000. పాత కార్డు మీదే ఉండి అదే 12 నెలల్లో తీర్చాలంటే ఆ ఖర్చు సుమారు 34,600. సగానికి సగం మిగిలినట్టే.

అయితే ఇక్కడ ఒక మెలిక ఉంది, నేను కూడా ఒకసారి అందులో పడ్డాను. ఫోను చేసిన అబ్బాయి ‘నెలకు ఒక్క శాతమే సార్’ అన్నాడు. రూపాయి వడ్డీ కదా అని ఒప్పుకున్నాను. అది ‘ఫ్లాట్’ వడ్డీ. అంటే అసలు తగ్గుతున్నా వడ్డీ మాత్రం మొదటి రోజు మొత్తం మీదే వేస్తూ పోతారు. 1,20,000కు 12 నెలలకు 14,400. తగ్గే బాకీ లెక్కన చూస్తే అది దాదాపు రూపాయి ఎనభై పైసలు. అందుకే ఫోనులో అడగవలసిన మాట ఒక్కటే: ‘ఫ్లాటా, తగ్గే బాకీ మీదా?’ జవాబు తడబడితే ఫోను పెట్టేయండి.

ఇంటి అప్పు దగ్గరికి వద్దాం. అసలు పాఠం ఇదే. బ్యాంకు మీ జీతంలో కొంత భాగాన్నే, తరచు సగం వరకు, వాయిదాలకు అనుమతిస్తుంది. మన టీచరుకు అది 30,000. ఎనిమిదిన్నర శాతం వడ్డీకి 20 ఏళ్లకు లక్షకు వాయిదా 868 రూపాయలు. అంటే ఏ బాకీ లేకపోతే 34 లక్షల 50 వేల దాకా అప్పు వస్తుంది. కార్డు బాకీ బదిలీ వాయిదా 11,000 నడుస్తుండగా దరఖాస్తు పెడితే మిగిలేది 19,000, వచ్చేది 21 లక్షల 90 వేలు. లక్షా ఇరవై వేల బాకీ పన్నెండున్నర లక్షల ఇంటి అప్పును మింగేసింది.

ఇంకో విడ్డూరం చూడండి. బదిలీ చేయకుండా పాత కార్డు మీదే బాకీ ఉంచితే, చాలా బ్యాంకులు బాకీలో 5 శాతాన్నే నెలవారీ భారంగా లెక్కిస్తాయి. ఇక్కడ 6,000. అప్పుడు 27 లక్షల 60 వేలు వస్తాయి. అయినా అలా ఉంచమని నేను చెప్పను. పరిమితిలో 80 శాతం వాడుకున్న కార్డు సిబిల్ స్కోరును కిందికి లాగేస్తుంది, నాలుగు రూపాయల వడ్డీ జేబును లాగేస్తుంది. బదిలీ మంచి పనే, కానీ దరఖాస్తుకు నెల ముందు చేసే పని కాదు. ఏడాది ముందు చేసి, ఆఖరి వాయిదా కట్టాక బ్యాంకు మెట్లెక్కాలి.

తొందర ఉన్నవారికి బంగారం ఉంది. బ్యాంకులో బంగారం మీద అప్పు రూపాయికి లోపలే దొరకవచ్చు. అదీ సిబిల్‌లో కనిపిస్తుంది. ఇల్లాలి గాజుల మీద నిర్ణయం ఇల్లాలిదే.

కార్డు కంపెనీ ‘సగం కట్టండి, సెటిల్ చేస్తాం’ అంటే మాత్రం వద్దు. రిపోర్టులో ‘సెటిల్డ్’ అన్న మాట పడితే ఇంటి అప్పు ఇచ్చేవారు దాన్నే ముందు చూస్తారు. పూర్తిగా కట్టి బాకీ సున్నా అనిపించుకోవాలి. వాడకపోయినా పాత కార్డును ఇప్పుడే రద్దు చేయకండి. దాని పరిమితి పోతే మిగతా కార్డుల వాడకం శాతం పెరిగి కనిపిస్తుంది.

2025 జనవరి 1 నుంచి బ్యాంకులు కనీసం 15 రోజులకోసారి సిబిల్ లాంటి సంస్థలకు వివరాలు పంపాలన్న నియమం వచ్చింది. కాబట్టి బాకీ తీరిన నెలకే రిపోర్టు మళ్లీ తీసి చూడవచ్చు.

ఇంటి పని: ప్రతి బాకీ పక్కన రూపాయి వడ్డీ రాయండి. మీ జీతంలో సగం నుంచి ఇప్పటి వాయిదాలన్నీ తీసేసి, మిగిలినదాన్ని 868తో భాగించండి. ఎన్ని లక్షలో కాగితం అడుగున రాసి ఉంచండి. తప్పుల తడక రిపోర్టును సరిచేయించడం 5వ పాఠంలో చూద్దాం. అప్పుడు ఆ అంకె కావాలి.