ఫ్రాంచైజీ వ్యాపారం, పాఠం 4: మాస్టర్ ఫ్రాంచైజీ

గత పాఠంలో చూసిన ఒప్పందంలో పక్షాలు రెండే: బ్రాండు యజమాని, ఒక శాఖ నడిపేవారు. మాస్టర్ ఫ్రాంచైజీలో వీరిద్దరి నడుమ మూడో మెట్టు వచ్చి చేరుతుంది. మాతృసంస్థ ఒక దేశానికో, ఒక పెద్ద ప్రాంతానికో సంబంధించిన హక్కులను ఒకే సంస్థకు అప్పగిస్తుంది. ఆ సంస్థే మాస్టర్. అది తానుగా శాఖలు తెరవవచ్చు, ఇతరులకు ఉప ఫ్రాంచైజీలూ ఇవ్వవచ్చు. పైవారికి అది ఫ్రాంచైజీదారే అయినా, కిందివారికి మాతృసంస్థ స్థానంలో నిలిచి శిక్షణ, తనిఖీ, సరఫరా, రాయల్టీ వసూలు చూసుకుంటుంది. ఏరియా డెవలప్‌మెంట్ ఒప్పందం ఇలాంటిది కాదు. అందులో ప్రాంతం దక్కినా, ఇతరులకు ఇచ్చే అధికారం సాధారణంగా ఉండదు.

ఇక డబ్బు సంగతి. ఉప ఫ్రాంచైజీదారు అమ్మకాలపై 6 శాతం రాయల్టీ కడుతున్నారనీ, అందులో సగం మాతృసంస్థకు వెళ్తుందనీ అనుకుందాం. ఒక శాఖ నెల అమ్మకాలు 100 అయితే మాస్టర్ చేతిలో మిగిలేది 3. శిక్షకులకూ, తనిఖీ సిబ్బందికీ, కార్యాలయానికీ నెలకు 60 ఖర్చయితే, 20 శాఖలు నడిచేదాకా ఆ ఖర్చు కూడా రాదు. ప్రాంతీయ హక్కులకు ముందే చెల్లించిన రుసుము ఈ లెక్కలోకి రానే లేదు. రాయల్టీ ఇలా నిదానంగా వస్తుండగా, కొత్తగా చేరేవారు కట్టే ప్రవేశ రుసుము మాత్రం ఒక్కసారే చేతికందుతుంది. అందుకే చేతిలో మూలధనం చాలని మాస్టర్లు శాఖల బాగోగులు వదిలేసి, తగినవారో కాదో చూడకుండా ఫ్రాంచైజీలు అమ్ముకుంటూ పోతారు. ఈ పద్ధతిలో నాకు కనిపించే అసలు బలహీనత ఇదే.

అభివృద్ధి షెడ్యూలు ఈ ఒత్తిడిని ఇంకా పెంచుతుంది. ఏ ఏడాదికి ఎన్ని శాఖలు ఉండాలో అందులో రాసి ఉంటుంది. తప్పితే ప్రత్యేక హక్కు పోవచ్చు, ఒప్పందమే రద్దు కావచ్చు. 2007 నుంచి లాటిన్ అమెరికా, కరీబియన్ ప్రాంతాల్లో మెక్‌డొనాల్డ్స్ హక్కులు నిర్వహిస్తున్న ఆర్కోస్ డొరాడోస్‌కు కూడా కొత్త శాఖల విషయంలో ఇలాంటి బాధ్యతలున్నాయి. షెడ్యూలు చదివేటప్పుడు ఒక్క మాట దగ్గర ఆగాలి: లెక్కకు వచ్చేవి 'తెరిచిన' శాఖలా, 'నడుస్తున్న' శాఖలా? మొదటిదైతే, పది తెరిచి ఆరు మూసేసినవారు కూడా షరతు నెరవేర్చినట్టే.

ఉప ఫ్రాంచైజీదారుకు అసలు ప్రమాదం తన సంతకం లేని కాగితంలో ఉంటుంది. మాస్టర్ ఒప్పందం రద్దయితే కింది ఒప్పందాలు మాతృసంస్థకు బదిలీ అవుతాయా, దానితోపాటే రద్దవుతాయా అన్నది ఆ పై ఒప్పందం మీదే చాలావరకు ఆధారపడుతుంది. మాతృసంస్థకు బదిలీ చేసుకునే వీలు మాత్రమే ఉండి, బాధ్యత లేకపోతే, బాగా నడుస్తున్న శాఖలను ఏరుకుని మిగతావాటిని వదిలేయవచ్చు. కనుక ఆ షరతు ప్రతిని సంతకానికి ముందే అడిగి తీసుకోవాలి; మాస్టర్ ఇవ్వనంటే, మాతృసంస్థ నుంచి నేరుగా రాతపూర్వక హామీ కోరాలి.

అభ్యాసం: పై లెక్కలోనే రాయల్టీని 5 శాతానికి తగ్గించి, సగం వాటాను అలాగే ఉంచండి. ఖర్చు రాబట్టడానికి ఎన్ని శాఖలు నడవాలి? తెరిచిన ప్రతి ఐదింటిలో ఒకటి మూతపడుతుంటే, మొత్తం ఎన్ని తెరవాలి? జవాబులు 5వ పాఠం మొదట్లో ఉంటాయి.