ఉత్తరాల్లో పాత్రల ఆట – మూడో పాఠం: ఎత్తు రాయడం

ఒక్కొక్కరు ఒక పాత్ర తీసుకుని ఉత్తరాల ద్వారా కథ నడిపే ఆట ఇది. మీ పాత్ర ఈసారి ఏం చేస్తుందో రాసి పంపేదే ఎత్తు. కిందటి పాఠాల్లో పాత్రలు తయారుచేసుకున్నాం, ఉదయగిరి ముట్టడిలో ఎవరు ఎటువైపో తేల్చుకున్నాం. కాలం 1513. కొండమీద గజపతుల కోట, కింద శ్రీకృష్ణదేవరాయల సేన. మీ పాత్ర రాయల వేగువాడు. ఆడే మీరు కావలి ఊళ్లో ఉన్నారు, ఆట నడిపించి ఫలితం చెప్పే గేమ్ మాస్టర్ ఒంగోలులో.

ఎదురుగా కూర్చుని ఆడితే "తర్వాతేం చేస్తావు?" అని మాటమాటకీ అడగొచ్చు. ఉత్తరంలో ఆ వీలు లేదు. "కోట దగ్గరికెళ్లి పరిస్థితిని బట్టి చూసుకుంటాను" అని రాశారంటే గేమ్ మాస్టర్ మళ్లీ ఉత్తరం రాసి అడగాల్సిందే. జవాబు వచ్చేసరికి వారం గడుస్తుంది, మిగతా ఆటగాళ్లూ ఆగిపోతారు. ఈ ఆటలు మధ్యలో ఆగిపోయేది ఎక్కువగా ఇక్కడే. కాబట్టి ఎత్తు ఇలా ఉండాలి:

"ముట్టడి, 3వ ఎత్తు. అర్ధరాత్రి దాటాక వాలు ఎక్కుతాను. దివిటీ కనబడితే బండ చాటున తెల్లవారేదాకా ఆగుతాను. లేకుంటే గోడ దాకా వెళ్తాను. పట్టుబడితే మేకలు తప్పిపోయాయని చెబుతాను, కత్తి మాత్రం దూయను."

చివరి మాట చాలామంది వదిలేస్తారు. అది లేకపోతే గేమ్ మాస్టర్ మీ పాత్ర చేత కత్తి తీయించవచ్చు, అందులో ఆయన తప్పేమీ ఉండదు. షరతులు మూడు దాటనివ్వకండి. షరతులో షరతు ఇరికిస్తే ఏది ముందో తెలియక చిక్కుపడుతుంది.

పాత్ర గొంతుతో రాసే ఉత్తరం వేరు, ఎత్తు వేరు. రెండూ వేర్వేరు కాగితాల మీదే రాయండి. మీ వేగువాడు రాయలకు "రేపే తలుపు తెరిపిస్తా" అని బీరాలు పలికితే, కలిపి రాసిన కాగితంలో అదే ఎత్తుగా లెక్కకొస్తుంది.

ఇక ఎత్తు ఫలించిందో లేదో తేల్చే పాచిక. ఒంటరిగా వేసుకున్న పాచికను అవతలివాళ్లు నమ్మాలి, అదే ఇబ్బంది. అందరికీ కనబడే అంకె వాడదాం: ముంబై షేర్ మార్కెట్ సూచీ సెన్సెక్స్ ఆ రోజు ముగింపులో చుక్క తర్వాతి రెండంకెలు. 00 నుంచి 99 దాకా ఏదైనా రావచ్చు. వాలు ఎక్కడానికి నూటికి 60 పాళ్లు అవకాశమని గేమ్ మాస్టర్ ముందే చెప్పాలి. 60 కంటే తక్కువ వస్తే గెలుపు. "60 వచ్చినా గెలుపే" అనకండి, 00 కూడా ఒక అంకే కనుక అవకాశాలు 61 అవుతాయి. రెండో పనికి మర్నాటి అంకె తీసుకోండి. 47ను తిప్పి 74గా వాడితే రెండు ఫలితాలూ ముడిపడిపోతాయి. ఎత్తు చేరాల్సిన గడువు తర్వాత మార్కెట్ తెరిచే రోజు అంకె మాత్రమే చెల్లుతుంది. అంతకుముందుదైతే చూసి రాసే వీలుంటుంది.

తపాలా సంగతులు కొన్ని. ఇన్‌లాండ్ లెటర్‌లో విడి కాగితం పెట్టకూడదు, కాబట్టి పటం పంపాలంటే కవరే. 80 జీఎస్‌ఎం (చదరపు మీటరుకు 80 గ్రాముల) ఏ4 కాగితం ఒకటి దాదాపు 5 గ్రాములు. మొదటి తూకం మెట్టు 20 గ్రాములు, కవరు బరువూ అందులోనిదే, కనుక రెండు కాగితాల్లో ముగించండి. తక్కువ స్టాంపు అంటిస్తే లోటుకు రెట్టింపు అందుకునేవారి దగ్గర వసూలు చేస్తారు. చిరునామా బాల్‌పెన్‌తో రాయండి, జెల్ సిరా తడికి కారుతుంది. అక్టోబరు నుంచి డిసెంబరు దాకా మన తీరాన వాయుగుండాలు పడతాయి. ఆ నెలల్లో గడువు పదిహేను రోజులు పెట్టుకోవడం మేలు. పంపే ముందు ప్రతి ఎత్తుకూ నకలు ఉంచుకోండి.

అభ్యాసం: కోటలోని నీటి గుంట ఎక్కడుందో కనుక్కోవాలి. మూడు షరతులతో, ఒక "చెయ్యను"తో ఎత్తు రాయండి. దాన్ని ఇంట్లో ఇంకొకరికిచ్చి చదివించండి. వాళ్లు మిమ్మల్ని ఒక్క ప్రశ్న అడిగినా ఆ వాక్యం తిరగరాయండి. నాలుగో పాఠంలో గేమ్ మాస్టర్ జవాబు రాసే పద్ధతి.