చిన్న లేత్‌కు క్యారేజీ స్టాప్ బిగించే ముందు తీసుకోవలసిన జాగ్రత్తలు

లేత్ అంటే లోహపు ముక్కను తిప్పుతూ చెక్కే యంత్రం; చెక్కే టూల్‌ను మోస్తూ బెడ్ (పొడవాటి ఇనుప పీఠం) మీద జరిగే భాగం క్యారేజీ, దాన్ని కావలసిన చోట ఆపే అడ్డు క్యారేజీ స్టాప్. దాన్ని బిగించే ముందు మొదట ప్లగ్ ఊడదీయాలి. తిరుపతిలో ఇంటి మేడమీది గదిలో లేత్ నడిపేవారు స్విచ్ ఆపితే చాలనుకుంటారు గానీ, కరెంటు పోయి వచ్చే వేళల్లో ఆ నమ్మకం పనికిరాదు.

స్టాప్ కూర్చునే చోటును, ముఖ్యంగా బెడ్ ముందువైపున్న వి ఆకారపు గట్టును, బ్రష్షుతో శుభ్రం చేసి, గుడ్డతో తుడిచి, పలుచగా నూనె రాయాలి; సన్నని ఇనుప రజను ఇరుక్కున్నా స్టాప్ వంకరగా కూర్చుని కొలత తప్పుతుంది. గాలి పైపుతో ఊదితే ఆ రజను క్యారేజీ కిందికి చేరుతుంది కనుక ఊదకూడదు. మన ఎండల్లో చెమట చేతి గుర్తులు కూడా తుప్పవుతాయి, పని ముగిశాక మళ్లీ తుడవాలి.

స్టాప్ కింది బిగింపు పలక లీడ్ స్క్రూకు (ఆటో ఫీడ్‌లో క్యారేజీని నడిపే పొడవాటి మరల కడ్డీకి) గానీ, బెడ్ వెంట ఉండే పళ్ల పట్టీకి గానీ తగలకూడదు. బోల్టు కొన నేరుగా బెడ్‌ను నొక్కే రకమైతే మధ్యలో ఇత్తడి ముక్క పెట్టాలి. బోల్టు పొడవు కొలిచి కొనడం మంచిది.

అన్నిటికన్నా ముఖ్యమైనది ఇది: సాధారణ స్టాప్ చేతితో నడిపే క్యారేజీని ఆపడానికే గానీ ఆటో ఫీడ్‌ను, అంటే యంత్రమే క్యారేజీని నడపడాన్ని, ఆపడానికి కాదు. హాఫ్ నట్ (క్యారేజీని లీడ్ స్క్రూకు కలిపే నట్) పట్టి ఉండగా క్యారేజీ స్టాప్‌ను ఢీకొంటే, ప్లాస్టిక్ గేర్లున్న చిన్న లేత్‌లలో పళ్లు విరిగిపోవచ్చు; అందువల్ల 2 మిల్లీమీటర్ల ముందే ఫీడ్ విడిపించి, మిగిలిన దూరం చక్రం తిప్పుతూ చేతితోనే తీసుకెళ్లాలి.

చివరగా క్యారేజీని స్టాప్‌కు ఆనించి, చక్‌ను (ముక్కను దవడలతో పట్టుకుని తిరిగే భాగాన్ని) చేతితో ఒక పూర్తి చుట్టు తిప్పి, దవడలు టూల్‌కు గానీ దాని కింది కాంపౌండ్ స్లైడ్‌కు (టూల్‌ను జరిపే భాగానికి) గానీ తగలడం లేదని చూసుకుని, చక్ కీ (చక్ దవడలను బిగించే తాళం) తీసిన తరువాతే ప్లగ్ పెట్టాలి.